ఏకారం నుంచి ఓన్లీ దాకా

తెలుగు భాషా దినోత్సవం నాడు నిజామాబాద్ జిల్లా రెంజల్‌లో, గిడుగు వెంకట రామమూర్తి పంతులు గారి స్మృత్యర్థం చేసిన ఉపన్యాసానికి ముద్రిత రూపం



ఆగస్టు 29 గిడుగు వారు పుట్టిన రోజు. 1863లో శ్రీకాకుళం ప్రాంతంలోని పర్వతాలపేటలో పుట్టిన ఆయన జీవితంలో ఎక్కువ భాగం పర్లాకిమిడిలో గడిపారు. ఆ ఊరు రెంజల్‌కు చాలా దూరం. అయినా ఆయన్ను తలచుకోవడానికి ఇంతకన్నా తగిన చోటు నాకు తోచదు. పర్లాకిమిడి తెలుగు, ఒడియా, సవర భాషలు కలిసే అంచున ఉంది. రెంజల్ తెలుగు, మరాఠీ, ఉర్దూ కలిసే అంచున ఉంది. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అటు పోయినప్పుడు, డెబ్భై దాటిన ఆ మనిషి ఊరు వదిలి రాజమహేంద్రవరం చేరారు. సరిహద్దు గీతలు భాషను ఏం చేస్తాయో ఆయనకు చదివి కాదు, అనుభవించి తెలుసు.

తెలుగు దినోత్సవం నాడు ఒక ఇంగ్లీషు మాట మీద ఉపన్యాసమేమిటని కొందరికి అనిపించవచ్చు. గ్రాంథికవాదులతో తలపడిన యోధునిగా గిడుగు వారిని తలచుకోవడం మనకు అలవాటు. ఆ పోరాటానికి ముందు ఆయన బడిపంతులు. సవర పిల్లలకు చదువు చెప్పాలంటే సవర రావాలని ఆ భాష నేర్చుకున్నారు. వాచకాలు తయారుచేశారు, సొంత డబ్బుతో బడులు నడిపించారు. సవర వ్యాకరణం 1931లో, సవర-ఇంగ్లీషు నిఘంటువు 1938లో వెలువడ్డాయి. 1907 ప్రాంతంలో ఉత్తర కోస్తా బడుల ఇనస్పెక్టరుగా ఉన్న జె.ఎ. యేట్స్ దొరకు ఒక సందేహం కలిగింది. నాలుక మీది తెలుగు వేరు, పుస్తకంలోని తెలుగు వేరు ఎందుకయ్యాయని ఆయన అడిగాడు. దాన్ని గట్టిగా పట్టుకున్నవారు గిడుగు, గురజాడ, పి.టి. శ్రీనివాస అయ్యంగార్. పిల్లవాడు ఇంటి నుంచి తెచ్చుకున్న మాటను బడి గుమ్మం దగ్గర వదిలి రమ్మంటే లోపల చదువు ఎట్లా నిలుస్తుంది? గిడుగు వారి ప్రశ్నను నా మాటల్లో చెబితే ఇదీ. వారు దాన్ని తెలుగు గురించి, సవర గురించి అడిగారు. నేను ఈ రోజు ఇంగ్లీషు గురించి అడగదలచుకున్నాను. అందుకు ఎంచుకున్నది ఒకే ఒక్క మాట: ‘ఓన్లీ’.

వ్యాకరణ పుస్తకాలు దీన్ని క్రియావిశేషణాల పట్టికలో వేస్తాయి. మూడో తరగతి పిల్లవాడికి తెలిసిన మాటే. సుప్రీంకోర్టు న్యాయవాది కూడా దాని స్థానం గురించి ఆలోచించి రాస్తాడు. మాట ఒకటే, మెట్లు అనేకం. భాష నేర్వడమంటే కొత్త మాటలు పోగుచేసుకోవడమని మన బడులు నమ్మాయి. ఒక చిన్న మాటలోకి మళ్ళీమళ్ళీ దిగి, ప్రతిసారీ ఇంకాస్త లోతు చూడడమే భాష నేర్వడమని నేను నమ్ముతాను. రెంజల్ పిల్లవాడికి ఆ లోతు ముందే తెలుసు. తెలుసునన్న సంగతి అతనికి ఎవరూ చెప్పకపోవడమే లోపం.

ఈ నేల సంగతి మీకు చెప్పనక్కరలేదు, అయినా వాదానికి కావాలి కనుక గుర్తుచేస్తాను. గోదావరి మహారాష్ట్ర దాటి తెలంగాణలో అడుగుపెట్టేది కందకుర్తి దగ్గర. అక్కడే మంజీర, హరిద్ర వచ్చి కలుస్తాయి. ఏటికి అవతల ధర్మాబాద్, బిలోలి వైపు మరాఠీ. ఇవతల బోధన్ బజారులో దక్కనీ ఉర్దూ. 1956లో రాష్ట్రాలు విడగొట్టినప్పుడు నాందేడ్ జిల్లా దెగ్లూర్ తాలూకాలోని బిచ్కుంద, జుక్కల్ ఇటు వచ్చాయి. మంజీర మీద 1931 నాటికి నిజాంసాగర్ పూర్తయింది. కాలువ నీళ్ళ వెంట కోస్తా రైతులు వచ్చి వర్ని, కోటగిరి, బోధన్ చుట్టూ క్యాంపులు వేసుకున్నారు. వాళ్ళ తెలుగు వేరు. 1937లో శక్కర్‌నగర్‌లో నిజాం చక్కెర ఫ్యాక్టరీ వచ్చింది. ఆఫీసులో కొంత ఉర్దూ, కొంత ఇంగ్లీషు, చెరుకు బండ్ల దగ్గర తెలుగు, మరాఠీ. ఇట్లాంటి చోట పుట్టిన పిల్లవాడు ఒక భాష పిల్లవాడు కాడు. బడి రికార్డులో మాత్రం మాతృభాష గడిలో ఒకటే పేరు రాస్తారు.

ఇక్కడ తెలుగు పిల్ల ‘గింతే’, ‘గంతే’ అంటుంది. ఉర్దూ ఇంటి పిల్ల ‘ఇత్తాచ్’ అంటుంది. మరాఠీ ఇంటి పిల్ల ‘ఎవఢంచ’ అంటుంది. ముగ్గురూ ‘ఇంత మాత్రమే’ అంటున్నారు. మరో సంగతి చూడండి. మూడు భాషల్లోనూ ఆ ‘మాత్రమే’ విడిమాట కాదు, ముందున్న మాట చివర అతుక్కునే ఒక్క ధ్వని. తెలుగులో ‘ఏ’, మరాఠీలో ‘చ’, దక్కనీలో ‘చ్’. దక్కనీ ‘చ్’ మరాఠీ నుంచి వచ్చిందని భాషావేత్తలు చెబుతారు. ఢిల్లీ, లక్నో ఉర్దూలో ఆ పని ‘హీ’ చేస్తుంది. ఉత్తరాది మాట దక్కనుకు వచ్చి ఇక్కడి తీరు నేర్చుకుంది. వేర్వేరు కుటుంబాల భాషలు పక్కపక్కన బతికి ఒకదాని పోకడలు ఒకటి తెచ్చుకుంటాయని, భారతదేశమంతా ఒక భాషా మండలమని భాషావేత్త ఎమెనో 1956లో ప్రతిపాదించారు. ఆ సిద్ధాంతానికి రుజువు కోసం ఎక్కడికో పోనక్కరలేదు, బోధన్ బస్టాండులో పదినిమిషాలు నిలబడితే చాలు.

ఈ చివరి ‘ఏ’కు మన పండితులు పెట్టిన పేరు అవధారణార్థకం. సంస్కృతంలో దీని తోబుట్టువు ‘ఏవ’. ఆ ఒక్క మాట కోసం భారతీయ తర్కశాస్త్రం ఎంత లోతుకు పోయిందో చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. ఏడో శతాబ్దపు బౌద్ధ తార్కికుడు ధర్మకీర్తి, ‘ఏవ’ వాక్యంలో ఎక్కడ పడిందన్న దాన్ని బట్టి అర్థం మూడు విధాలని విడమరిచాడు. చైత్రుడు విలుకాడే అంటే, కాడేమోనన్న సందేహం తీరుతుంది. ఇంకొకరు విలుకాళ్ళు కారని దానికి అర్థం కాదు. పార్థుడే విలుకాడు అంటే మిగతా వాళ్ళంతా పక్కకు పోతారు, అంతటి వాడు ఇంకొకడు లేడని. తామర నీలంగా ఉండనే ఉంటుంది అంటే, అట్లాంటిది అసలు ఉండదన్న మాట కొట్టివేయబడుతుంది. అదే మాట కర్త మీద పడ్డప్పుడు ఒక తీర్పు, విశేషణం మీద పడ్డప్పుడు ఇంకో తీర్పు, క్రియ మీద పడ్డప్పుడు మరొకటి. ఇంగ్లండులో బిషప్ రాబర్ట్ లౌత్ తన వ్యాకరణంలో ‘ఓన్లీ’ని తప్పుచోట పెట్టకండని మందలించింది 1762లో. అంటే వెయ్యేళ్ళకు పైగా తర్వాత. ఇది గర్వం కోసం చెప్పడం లేదు. మన పిల్లవాడికి ‘ఓన్లీ’ చెప్పేటప్పుడు చేతిలో ఉన్న సామగ్రి ఎంత పాతదో, ఎంత పదునైనదో తెలియడానికి చెబుతున్నాను.

ఈ సామగ్రి బడిలోకి ఎందుకు రాలేదు? హైదరాబాద్ రాజ్యంలో పైచదువు భాష ఉర్దూ. 1918లో స్థాపించిన ఉస్మానియా విశ్వవిద్యాలయం, భారతీయ భాషలో విశ్వవిద్యాలయ చదువంతా చెప్పవచ్చునని నిరూపించిన గొప్ప ప్రయోగం. శాస్త్రగ్రంథాలను ఉర్దూలోకి తేవడానికి దారుల్ తర్జుమా అనే అనువాద శాఖే పెట్టారు. ఇంగ్లీషు తప్పనిసరి పాఠ్యాంశంగా ఉంది. ఆ ప్రయోగం ఘనతను తక్కువ చేయను, కానీ అందులో తెలుగు పిల్లవాడి భాషకు చోటు లేదు. 1937లో నిజామాబాద్‌లో మందుముల నర్సింగరావు అధ్యక్షతన ఆంధ్ర మహాసభ జరిగింది. మాతృభాషలో చదువు ఆ ఉద్యమం విడవకుండా అడిగిన కోర్కెల్లో ఒకటి. 1948 తర్వాత ఉర్దూ మాధ్యమం పోయి ఉస్మానియాలో ఇంగ్లీషు వచ్చింది, బడుల్లో తెలుగు పెరిగింది. ఈ ప్రాంతంలో ఒకే ఇంట్లో తాత ఉర్దూలో లెక్కలు నేర్చుకుని, తండ్రి తెలుగులో చదివి, మనుమడు ఇంగ్లీషులో చదవడం వింత కాదు. తాతకు ‘హీ’, తండ్రికి ‘మాత్రమే’, మనుమడికి ‘ఓన్లీ’. ప్రతి తరమూ మొదటి నుంచి మొదలుపెట్టింది. తాత నేర్చినది తండ్రి పలక మీదికి, తండ్రి నేర్చినది కొడుకు పలక మీదికి చేరలేదు.

ఇంగ్లీషును మెట్లుగా ఎట్లా చెప్పాలన్న ఆలోచనకు కూడా ఒక చరిత్ర ఉంది, అందులో మన దేశం పాత్ర చిన్నది కాదు. మచిలీపట్నంలో పనిచేసిన మిషనరీ ఆర్డెన్ దొర 1873లో తెలుగు నేర్వదలచిన ఇంగ్లీషువాళ్ళ కోసం వ్యాకరణం రాసి, దాని పేరులోనే అది క్రమాభివృద్ధి వ్యాకరణమని చెప్పుకున్నాడు. తెల్లవాడు తెలుగు నేర్వాలంటే తేలిక నుంచి కష్టానికి నడిపించే పుస్తకం కావాలని తోచింది. తెలుగువాడు ఇంగ్లీషు నేర్వాలంటే ఆ మన్నన చాలాకాలం దొరకలేదు. కన్యాశుల్కం నాటకంలో వెంకటేశం తల్లి ముచ్చటపడి ఇంగ్లీషు మాట్లాడమంటే గిరీశం, వెంకటేశం వాచకంలోని పద్యాలు, ముక్కలు ఒకరికొకరు అప్పజెప్పుకుంటారు. గురజాడ నవ్వించినట్టే నవ్వించి ఒక విద్యావిధానాన్ని బోనెక్కించాడు.

బెంగాల్‌లో ఢాకా ట్రైనింగ్ కాలేజీలో పనిచేసిన మైకేల్ వెస్ట్, పిల్లల వాచకాలు అరుదైన మాటలతో నిండి ఉన్నాయని గమనించి, 1920ల్లో మాటలను లెక్కపెట్టి, ఎంచి, కొద్దికొద్దిగా వడ్డించే వాచకాలు రాశాడు. 1953లో ఆయన సంపాదకత్వంలో వచ్చిన సుమారు 2,000 మాటల పట్టిక లోకమంతా పాకింది. ఆ పట్టికలో నాకు నచ్చే గుణం ఒకటుంది. మాటను లెక్కపెట్టి ఊరుకోలేదు, మాటలోని ఒక్కో అర్థం ఎంత తరచుగా వస్తుందో కూడా చూపింది. హైదరాబాద్‌లో 1958లో సెంట్రల్ ఇనిస్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లిష్ మొదలైంది. నేటి ఇంగ్లిష్ అండ్ ఫారిన్ లాంగ్వేజెస్ విశ్వవిద్యాలయం (ఇఫ్లూ) అదే. దేశంలోని ఇంగ్లీషు ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చిన సంస్థ మనకు నూట యాభై, రెండు వందల కిలోమీటర్ల దూరంలోనే ఉంది. 2001లో ఐరోపా మండలి ఎ1 నుంచి సి2 దాకా ఆరు స్థాయిల కొలమానం ప్రకటించింది. నేడు విదేశీ చదువుల పరీక్షలు చాలావరకు దాని నీడలోనే నడుస్తాయి. ఈ కొలమానాన్ని బట్టి కట్టిన పదపట్టికలు ఒక మాటను ఒక్క స్థాయిలో కాక, దాని అర్థాలను వేర్వేరు స్థాయిల్లో పెడతాయి. అంటే ‘ఓన్లీ’ని ఒకసారి నేర్చి దాటిపోలేమని ఐరోపావారూ ఒప్పుకున్నారు.

మన తరగతిలో ఏం జరుగుతున్నది? కింది తరగతుల్లో ‘ఐ హావ్ ఓన్లీ వన్ పెన్సిల్’ అని వస్తుంది. ‘ఓన్లీ అంటే మాత్రమే’ అని బోర్డు మీద రాస్తారు. పిల్లలు రాసుకుంటారు. అంతటితో ఆ మాట కథ అయిపోతుంది. పదో తరగతి దాకా ఆ మాట మళ్ళీ ఎవరి పాఠంలోనూ నిలబడి పలకరించదు. పిల్లవాడి నోటి నుంచి మాత్రం రోజూ వస్తుంటుంది, తప్పుగా వస్తుంటుంది, ఆ తప్పు ఎక్కడిదో ఎవరూ చెప్పరు.

నేనైతే ఆ మొదటి మెట్టునే వేరుగా వేస్తాను. ‘మాత్రమే’ చెప్పను. ‘గింతే’ అనమంటాను. నా దగ్గర ఒకటే పెన్సిల్ ఉంది. ‘ఒకటే’లోని ‘ఏ’ని వేలితో చూపించి, ఇంగ్లీషువాళ్ళు దీన్ని విడదీసి ముందుకు తెచ్చారని చెబితే ఆరేళ్ళ పిల్లకు అర్థమవుతుంది. మన ‘ఏ’ మాట వెనుక నడుస్తుంది, వాళ్ళ ‘ఓన్లీ’ సాధారణంగా మాట ముందు నడుస్తుంది. ఆ వయసుకు ఇంతకన్నా వ్యాకరణం అవసరం లేదు.

తర్వాతి మెట్టు చోటుది. చెరుకు పండే ఊళ్ళ పిల్లలకు ఈ వాక్యం చెబుతాను: మా అన్న ఫ్యాక్టరీకి చెరుకు అమ్మిండు. ‘మా అన్ననే అమ్మిండు’ అంటే ఇంకెవరూ అమ్మలేదు. ‘చెరుకే అమ్మిండు’ అంటే వడ్లు, పసుపు అమ్మలేదు. ‘ఫ్యాక్టరీకే అమ్మిండు’ అంటే బెల్లం బట్టీకి పోలేదు. ‘ఓన్లీ మై బ్రదర్’, ‘ఓన్లీ కేన్’, ‘ఓన్లీ టు ద ఫ్యాక్టరీ’. మాట పడ్డ చోటును బట్టి అర్థం మారుతుందని ధర్మకీర్తి విడమరిచిన సంగతి ఇక్కడా కనబడుతుంది. అమ్మకం ఒక్కటే చేసిండు, నాటింది ఎవరో అనాలంటే మాత్రం తెలుగు ‘ఏ’ ఒక్కటీ చాలక ‘అమ్మడం ఒక్కటే’ అని సాయం తెచ్చుకుంటుంది. అక్కడ ఇంగ్లీషు ‘ఓన్లీ సోల్డ్’ అంటే సరిపోతుంది. ఒక్కో భాషకు ఒక్కో చోట తేలిక, ఒక్కో చోట బరువు. పిల్లలు ఇది చూసి సంతోషిస్తారు, తమ భాష ఓడిపోవడం లేదని తెలుస్తుంది కనుక.

ఇంకా పై తరగతిలో ఇంకో సంగతి చెప్పాలి. బిషప్ లౌత్ నియమాన్ని ఇంగ్లీషువాళ్ళే మాటల్లో పాటించరు. ‘ఓన్లీ’ని క్రియ ముందు పెట్టేసి, ఏ మాటకు చెందిందో గొంతుతో నొక్కి చెబుతారు. ఒకడు వారం కిందటే పోయాడని చెప్పడానికి ‘ఓన్లీ’ని క్రియకు ముందు పెట్టడంలో తప్పేమీ లేదని 1926లో ఫౌలర్ తన వాడుక నిఘంటువులో వాదించాడు, అతి నియమాలవాళ్ళను ఎగతాళి చేశాడు. కాగితం మీద గొంతు వినపడదు కాబట్టి రాతలో దగ్గరగా పెట్టమని చెప్పడం న్యాయం. మాటలో అట్లా పెట్టకపోతే తప్పనడం అన్యాయం. ఈ తేడా చెప్పకుండా మార్కులు కొట్టే ఉపాధ్యాయుడు గిడుగు వారు ఎదిరించిన పండితుడికి దూరపు చుట్టమే.

ఇక మన ‘ఏ’ వల్ల వచ్చే ఇబ్బంది. మన ‘ఏ’ రెండు పనులు చేస్తుంది. ఇతరులను తొలగిస్తుంది, లేదా ఉన్నదాన్ని గట్టిగా నొక్కుతుంది. ఇంగ్లీషు ‘ఓన్లీ’కి ప్రామాణికంగా మొదటి పనే ముఖ్యం. శక్కర్‌నగర్ ఫ్యాక్టరీని ఒకప్పుడు ‘ఆసియాలోనే పెద్ద’దని చెప్పుకునేవారు. పిల్లవాడు దాన్ని ‘బిగ్గెస్ట్ ఓన్లీ ఇన్ ఆసియా’ అని రాస్తాడు. ఆసియాలో మాత్రమే పెద్దది, మిగతా లోకంలో చిన్నదన్న అర్థం వచ్చి, పొగడ్త కాస్తా చిన్నబోతుంది. ‘ఇప్పుడే వచ్చిండు’ అన్నది ‘నౌ ఓన్లీ’ అవుతుంది. అది ‘జస్ట్ నౌ’. ‘ఇక్కడనే ఉంది’ ‘హియర్ ఓన్లీ’ అవుతుంది. అది ‘రైట్ హియర్’. ‘రేపే’ ‘టుమారో ఇట్‌సెల్ఫ్’ అవుతుంది. ‘అట్లనే’ ‘లైక్ దట్ ఓన్లీ’ అవుతుంది. ‘అందుకే’కు సరైన ఇంగ్లీషు ‘దట్ ఈజ్ వై’. మన ఒక్క అచ్చు ఇంగ్లీషులో ‘ఓన్లీ’, ‘జస్ట్’, ‘రైట్’, ‘వెరీ’, ‘అలోన్’ అని చీలిపోతుంది, కొన్నిచోట్ల మాటే ఉండదు, గొంతు హెచ్చింపే ఉంటుంది.

ఈ ‘నౌ ఓన్లీ’ ఇంగ్లీషును చూసి నగరంలో నవ్వుతారు. నవ్వవలసిందేమీ లేదు. దేశంలో కోట్లమంది నోట్లో ‘ఓన్లీ’ ఇప్పుడు అవధారణ ప్రత్యయంగా పనిచేస్తున్నది. భారతీయ ఆంగ్లంలో ఇది తప్పు కాదు, దాని వ్యాకరణంలో ఒక నియమమని భాషాశాస్త్రవేత్తలు పరిశోధించి రాశారు. దక్కనీలో మరాఠీ ‘చ’ చేరినట్టే ఇంగ్లీషులో మన ‘ఏ’ చేరింది. కానీ నేను ఇక్కడ ఉపాధ్యాయునిగా నిలబడ్డాను. బాసర ట్రిపుల్ ఐటీలో సీటు వచ్చిన రెంజల్ పిల్ల తోటి పిల్లలతో ‘లైక్ దట్ ఓన్లీ’ అంటే అది ఆమె హక్కు. ప్రాజెక్టు నివేదికలో రాయకూడదని తెలియడం కూడా ఆమె హక్కే. రెండూ తెలియాలి. ఒకటి సిగ్గుపడి మరచిపోవడం, రెండోది అసలు తెలియకపోవడం, ఈ రెండూ నష్టాలే.

ఒక పక్కమాట. ‘మాత్రం’ వేరు, ‘మాత్రమే’ వేరు. ‘నేను మాత్రం రాను’ అంటే నా సంగతి ఇదీ అని అర్థం. దాన్ని ‘ఐ ఓన్లీ విల్ నాట్ కమ్’ అని రాసే పిల్లలు ప్రతి ఏడూ కనబడతారు. నిఘంటువులో పక్కపక్కన కూర్చున్న మాటలు వాక్యంలో వేర్వేరు ఊళ్ళవి.

ఇప్పుడు నా వాదానికి ప్రాణమైన చోటుకు వస్తాను. ‘ఇఫ్’, ‘ఓన్లీ ఇఫ్’, ‘ఇఫ్ అండ్ ఓన్లీ ఇఫ్’, ‘ఇఫ్ ఓన్లీ’. ఇంటర్మీడియెట్ గణితంలో పిల్లలు తడబడే చోటు ఇదే. డిగ్రీ దాకా వచ్చినా ‘ఇఫ్’కీ ‘ఓన్లీ ఇఫ్’కీ ఉన్న తేడా చెప్పలేనివాళ్ళు ఉంటారు. నిజాంసాగర్ కింది రైతు ఇంట్లో పుట్టిన పిల్లకు ఈ తేడా అయిదేళ్ళకే తెలుసు. ‘నీళ్ళు వదిలితే నాట్లు వేస్తం’ అంటే నీళ్ళు వస్తే వేస్తారు. రాకుంటే బోరు నీళ్ళతో వేస్తారేమో, ఆ సంగతి చెప్పలేదు. ‘నీళ్ళు వదిలితేనే నాట్లు’ అంటే నీళ్ళు రాకుంటే నాట్లు లేవు. నీళ్ళు వచ్చినా విత్తనం లేకపోతే నాట్లు పడకపోవచ్చు, ఆ హామీ ఇవ్వలేదు. మొదటిదాంట్లో నీళ్ళు చాలు. రెండోదాంట్లో నీళ్ళు తప్పనిసరి, కానీ చాలవు. తర్కశాస్త్రం చెప్పే చాలిన నిబంధన, అవసరమైన నిబంధన అన్న భేదమంతా ‘తే’కీ ‘తేనే’కీ మధ్య ఉన్న ‘నే’లో ఉంది. ‘ఇఫ్ అండ్ ఓన్లీ ఇఫ్’ అంటే రెండూ కలిపి: వదిలితే వేస్తం, వదిలితేనే వేస్తం. పొలం గట్టు మీద నేర్చిన ఈ తర్కాన్ని వదిలేసి, గణితం తరగతిలో గుర్తులతో భయపెట్టి చెప్పడం ఏ శిక్షణా శాస్త్రమో నాకు అర్థం కాదు.

‘ఇఫ్ ఓన్లీ’ దగ్గర ఇంకో అద్భుతం ఉంది. ‘నీళ్ళు వదిలితేనే’ అన్నదాంట్లో చివరి ‘ఏ’ను ‘ఆ’గా మార్చండి. ‘నీళ్ళు వదిలితేనా…’ అంటే వదల్లేదు, వదిలి ఉంటే బాగుండేది. నిబంధన పోయి నిట్టూర్పు వచ్చింది. ఇంగ్లీషు అదే పనిని మాటలు తారుమారు చేసి సాధిస్తుంది: ‘ఓన్లీ ఇఫ్’ నిబంధన, ‘ఇఫ్ ఓన్లీ’ నిట్టూర్పు. 2015 డిసెంబరులో శక్కర్‌నగర్ ఫ్యాక్టరీకి తాళం పడ్డాక ఈ ప్రాంతంలో ఆ ‘తేనా’తో ఎన్ని మాటలు మొదలయ్యాయో మీలో చాలామంది విన్నారు. ‘ఫ్యాక్టరీ నడిస్తేనా…’ అన్న వాక్యం పూర్తిచేయనక్కరలేదు. ఈ ఊళ్ళో ఎవరికైనా అర్థమవుతుంది. పై స్థాయి ఇంగ్లీషు అని ఐరోపావారు చెప్పే భావం ఇక్కడ హోటల్ బెంచీ మీద దొరుకుతుంది.

పై మెట్లలో మన ‘ఏ’ పక్కకు తప్పుకునే చోట్లు కూడా ఉన్నాయి, అవి కూడా అంతే విలువైనవి. ఆఫీసుకు పోయిండు, తీరా చూస్తే తాళం. ఇంగ్లీషు దీన్ని ‘ఓన్లీ టు ఫైండ్ ఇట్ లాక్డ్’ అంటుంది. ఇక్కడ ‘ఓన్లీ’కి సరైన తెలుగు ‘తీరా’. రావాలనే ఉంది, కాకపోతే చేతిలో పైసల్లేవు. ఇక్కడ ‘ఓన్లీ’ అంటే ‘కాకపోతే’. ‘ఓన్లీ టూ గ్లాడ్’ అంటే అంతకన్నా కావలసిందేముంది అని. ‘మాత్రమే’ అన్న ఒక్క అర్థంతో వచ్చిన విద్యార్థి ఈ మూడు చోట్లా ఆగిపోతాడు. ‘వానలు పడ్డంకనే నాటిండ్రు’ అనే వాక్యాన్ని ‘ఓన్లీ’తో మొదలుపెడితే ఇంగ్లీషు తన సహాయక క్రియను కర్త ముందుకు నెడుతుంది: ‘ఓన్లీ ఆఫ్టర్ ద రెయిన్స్ డిడ్ దే ప్లాంట్’. ఇదొక్కటి మాత్రం తెలుగులో పోలిక లేనిది, కూర్చుని నేర్వవలసినదే. పోలిక ఉన్నచోట పోలిక, లేనిచోట శ్రమ అని విడగొట్టి చెబితే పిల్లవాడి శ్రమ సగానికి తగ్గుతుంది.

నిజానికి మన ఊళ్ళలో ఇంగ్లీషు రాని వాళ్ళు కూడా చూసిన ‘ఓన్లీ’ ఒకటుంది. చెక్కు మీద, రసీదు మీద మొత్తాన్ని అక్షరాల్లో రాసి చివర ‘రుపీస్ ఓన్లీ’ అని ముగిస్తారు. తెలుగు పత్రాల్లో అది ‘రూపాయలు మాత్రమే’. తక్కువ డబ్బని ఆ మాటకు అర్థం కాదు. ఆ తర్వాత ఎవరూ ఇంకో మాట చేర్చకుండా వేసిన గడియ అది. బస్సు సీటు మీది ‘మహిళలకు మాత్రమే’ ఇంకోటి. చరిత్ర పుస్తకంలో పదహారు మహాజనపదాల్లో దక్షిణాన ఉన్న ఏకైక రాజ్యం అశ్మకమని చదువుతారు. దాని రాజధాని పోదనాన్ని మన బోధన్‌గానే చాలామంది చరిత్రకారులు గుర్తిస్తారు. ఆ ‘ఏకైక’ కూడా ‘ఓన్లీ’యే, అక్కడ విశేషణంగా. రసీదు, బస్సు, చరిత్ర, ఈ మూడింటితో ఒక పూట పాఠం నడుస్తుంది, పుస్తకం తెరవనక్కరలేదు.

2022-23 విద్యా సంవత్సరం నుంచి తెలంగాణ ప్రభుత్వ బడుల్లో ఒకటి నుంచి ఎనిమిది తరగతులకు ఇంగ్లీషు మాధ్యమం వచ్చింది. దానితో పాటు ఒక పేజీ ఇంగ్లీషు, ఎదుటి పేజీ తెలుగు ఉన్న ద్విభాషా పాఠ్యపుస్తకాలు వచ్చాయి. మాధ్యమం గురించి ఈ వేదిక మీద వాదం పెట్టుకోను. తల్లిదండ్రులు అడిగారు, ప్రభుత్వం ఇచ్చింది. ఆ ఎదురెదురు పేజీల ఆలోచన మాత్రం నా దృష్టిలో చాలా మంచిది, ఇంకా సగమే వాడుకున్న మంచిది. రెండు పేజీలూ ఒకే సంగతిని చెబుతాయి, ఒకదానితో ఒకటి మాట్లాడవు. ఇంగ్లీషు పేజీలోని ‘ఓన్లీ’ తెలుగు పేజీలో ఎక్కడ దాగింది, మాట చివర ‘ఏ’గానా, ‘తేనే’గానా, ‘తీరా’గానా అని అడిగే ఒక్క ప్రశ్న పాఠం కింద ఉంటే ఆ పుస్తకం విలువ రెట్టింపు అవుతుంది. ఆ తెలుగు పేజీ కూడా పుస్తకాల తెలుగే. ‘అమ్మాడు’ ఉంటుంది, ‘అమ్మిండు’ ఉండదు. మరాఠీ, ఉర్దూ ఇళ్ళ పిల్లలకు అది కూడా రెండో భాషే. సవర పిల్లల కోసం వాచకాలు తయారుచేసిన మనిషి పేరు మీద సమావేశమై ఈ సంగతి ఎత్తకుండా ఉండలేను.

కాబట్టి ఇక్కడున్న ఉపాధ్యాయులకు ఒక విన్నపం. పై అధికారుల ఆదేశం కోసం, కొత్త పుస్తకం కోసం చూడవలసిన పని ఇది కాదు. మీ మీ బడుల్లో పిల్లల నోటి నుంచి ‘ఏ’, ‘నే’, ‘తేనే’, ‘తేనా’, ‘చ’, ‘చ్’ ఉన్న వాక్యాలను, అన్న పిల్లల పేర్లు లేకుండా, వాళ్ళు అన్నది అన్నట్టే ఒక నోటుపుస్తకంలో రాయించండి. తెలుగు వాక్యాలను ఉర్దూ ఇంటి పిల్లలు, మరాఠీ ఇంటి పిల్లలు తమ మాటల్లో చెప్పాలి, వాళ్ళవి తెలుగు పిల్లలు చెప్పాలి. ఆ తర్వాత వాటికి ఇంగ్లీషు వెతకమనండి. ఏది మూడో తరగతికి, ఏది ఎనిమిదికి, ఏది పదికి అన్నది ఆ వాక్యాలే మీకు చెబుతాయి. రెంజల్ మండలంలోని బడులన్నీ ఈ ఏడాది ఒక్క ‘ఓన్లీ’తో ఈ పని చేసి, వచ్చే ఆగస్టు 29న ఆ నోటుపుస్తకాలు తెచ్చి ఈ బల్ల మీద పెట్టాలని కోరుతున్నాను.